విండోస్ వదలని వాళ్ల లెక్క ఏమిటంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆర్నెల్లుగా మీరు విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నారు, హాయిగా ఉంది. ఇంట్లో నాన్నగారి డెస్క్‌టాప్, అన్నయ్య ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా విండోస్ 10 మీదే ఉన్నాయి. దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. ఆ రెండు మెషీన్లూ విండోస్ 11కి పనికిరావు. నాన్నగారికి బ్రౌజర్, మెయిల్, ఫొటోలు, ప్రింటర్ చాలు. అన్నయ్య పగలు ఎక్సెల్‌లో లెక్కలు చూస్తాడు, రాత్రి ఆన్‌లైన్ ఆటలు ఆడతాడు. లినక్స్ అనగానే ఇద్దరూ "చూద్దాంలే" అంటున్నారు. ఉచితం, వైరస్‌ల బెడద తక్కువ, పాత మెషీన్ మీద కూడా నడుస్తుంది, ఇంకా ఎందుకీ మొండితనం అన్నది మీ ప్రశ్న.

నేను పద్దెనిమిదేళ్లుగా లినక్స్ వాడుతున్నాను. సర్వర్లు చూసుకోవడమే నా ఉద్యోగం. బంధువులవీ స్నేహితులవీ కలిపి ఓ ముప్పై మెషీన్లను విండోస్ నుంచి మార్చి ఉంటాను. వాటిలో పదింటి దాకా మళ్లీ విండోస్‌కే పోయాయి. అప్పట్లో వాళ్లకి ఓపిక లేదనుకునేవాణ్ణి. ఇప్పుడు తిరిగి చూసుకుంటే ఆ పదింటిలో ఎక్కువ భాగం నేను మార్చకుండా ఉండాల్సినవే.

మనం ఎక్కడ పొరబడతామో చెప్తాను. ఎదుటివాళ్ల పనుల్లో లినక్స్‌లో ఎన్ని అవుతాయో మనం లెక్కపెడతాం. తొంభై ఐదు శాతం అవుతాయి అని సంబరపడతాం. వాళ్లు మాత్రం ఏది అవ్వదో అడుగుతారు. ఆ అవ్వనిది ఒక్కటే అయినా, నెలకి ఒకసారే చేసే పనే అయినా, జీతం దాని మీద ఆధారపడి ఉంటే మిగతా తొంభై ఐదుకి విలువ లేదు. నిజానికి విండోస్ మీద ప్రేమ ఉన్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. దాన్ని రోజూ తిట్టుకుంటూనే వాడతారు. వాళ్లని కట్టిపడేసేది విండోస్ కాదు, దాని మీద మాత్రమే నడిచే ఏదో ఒక ప్రోగ్రాం.

మా పెద్దమ్మ కొడుకు ఒకడున్నాడు, ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తాడు. ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే లినక్స్ వేసి, వర్డ్, ఎక్సెల్‌లకి బదులు వాడే ఉచిత లిబ్రెఆఫీస్ పెట్టి, నాలుగు ఎక్సెల్ ఫైళ్లు తెరిచి చూపించాను. అంకెలన్నీ వచ్చాయి, వాడూ సరేనన్నాడు. మూడో వారం నెలాఖరు. రాత్రి పదకొండింటికి ఫోన్. జీతాల ఫైలులో ఒక బటన్ ఉందట, అది నొక్కితే ఒక్కొక్కరి జీతం చీటీ తయారవుతుందట. ఇప్పుడు నొక్కితే ఏమీ అవడం లేదు. ఆ బటన్ వెనకాల ఎన్నేళ్ల క్రితమో ఎవరో రాసి వెళ్లిపోయిన వీబీఏ మాక్రో, అంటే ఎక్సెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం ఉంది. లిబ్రెఆఫీస్‌కి వీబీఏ కొంతవరకే అర్థమవుతుంది. పైగా ఆ బటన్ యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో చేసినది, అది విండోస్ దాటి బయటికి రాదు. ఆ రాత్రి వాడు పక్కింటివాళ్ల కంప్యూటర్ అడిగి తెచ్చుకుని పని ముగించాడు. మర్నాడు నేనే వెళ్లి విండోస్ మళ్లీ వేసిచ్చాను. నాలుగు ఫైళ్లు తెరిచి చూపించడానికి బదులు "నెలాఖరున ఏం చేస్తావు" అని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

మాక్రోలు లేని మామూలు డాక్యుమెంట్ల దగ్గర చికాకు వేరే రకం. ఆఫీస్ 2007 నుంచి వర్డ్‌లో డిఫాల్ట్ ఫాంట్ కాలిబ్రి. దాని కొలతలకే సరిపోయేలా కార్లిటో అనే ఉచిత ఫాంట్ ఉంది, కాబట్టి పాత ఫైళ్లు లినక్స్‌లో పెద్దగా చెదరవు. 2023లో మైక్రోసాఫ్ట్ ఆ డిఫాల్ట్‌ను ఆప్టోస్‌కి మార్చింది. ఆ ఫాంట్ మన దగ్గర లేకపోతే దాని స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చుంటుంది, వరుసలు జరుగుతాయి, పట్టిక ఒకటి కింది పేజీకి దిగుతుంది. ఇంట్లో చదువుకునే కాగితమైతే ఎవరూ పట్టించుకోరు. అదే ఐదుగురి చేతులు మారుతూ ఎర్ర గీతల సవరణలతో తిరిగే ఒప్పంద పత్రమైతే? "మళ్లీ పంపు, నీ ఫైలు చెదిరిపోయింది" అని మెయిల్ వచ్చిన ప్రతిసారీ తప్పు లినక్స్‌వాడిదే అవుతుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న మాట పడాల్సి వస్తుంది. ఫార్మాట్ తప్పా, ఫాంట్ తప్పా అన్న చర్చ మనకి ఆసక్తిగా ఉంటుంది కానీ, ఎదుటివాడికి పని ఆగిపోయింది.

ఫొటోషాప్, ఆటోక్యాడ్ వాడేవాళ్ల సంగతీ ఇంతే. రెండింటికీ లినక్స్ వెర్షన్ లేదు. ఇక్కడ మనవాళ్లు టక్కున "గింప్ ఉందిగా" అంటారు, ఫొటోషాప్‌కి బదులు వాడే ఉచిత ప్రోగ్రాం అది. ఈ సలహా విన్నప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. గింప్ మంచి ప్రోగ్రామే. 2025 మార్చిలో వచ్చిన 3.0తో చాలా మెరుగుపడింది, ఫిల్టర్ వేసి తర్వాత దాన్ని మార్చుకునే వీలు కూడా వచ్చింది. కానీ పదేళ్లు ఫొటోషాప్‌లో చెయ్యి తిరిగినవాడు షార్ట్‌కట్‌లు ఆలోచించి నొక్కడు, వేళ్లే వెళ్లిపోతాయి. ఆ వేళ్లకి మళ్లీ ఓనమాలు దిద్దించాలంటే కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో అతని పని సగానికి పడిపోతే నష్టం ఎవరిది? ప్రెస్సుకి ఫైళ్లు పంపేవాళ్లయితే అచ్చుకి వాడే సీఎంవైకే రంగుల దగ్గర మరో చిక్కు, గింప్ లోపల పని అంతా తెర మీది ఆర్‌జీబీ రంగుల్లోనే జరుగుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. త్రీడీ యానిమేషన్ చేసేవాళ్లు లినక్స్‌కి సులువుగా మారతారు, ఎందుకంటే వాళ్లు వాడే బ్లెండర్ ప్రోగ్రాం రెండు చోట్లా ఒకటే. ప్రోగ్రాం తనతో పాటు వస్తే, కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో ఎవరికీ పట్టదు.

ఆటల విషయంలో నా మాట రెండుసార్లు మార్చుకోవాల్సి వచ్చింది. 2018కి ముందు ఎవరైనా అడిగితే వద్దనేసేవాణ్ణి. ఆ ఏడాది ఆగస్టులో, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ ప్రోటాన్ విడుదల చేసింది. అది 1993లో మొదలైన వైన్ ప్రాజెక్టు పునాది మీద కట్టినదే, విండోస్ ఆటలు లినక్స్‌లో ఆడించే పొర. 2022లో లినక్స్ మీదే నడిచే స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ వచ్చాక ఒంటరిగా ఆడే ఆటల్లో చాలా వరకు ఇన్‌స్టాల్ నొక్కగానే నడిచిపోతున్నాయి. దాంతో "ఆటలకి ఢోకా లేదు" అని చెప్పడం మొదలుపెట్టాను, అదీ తొందరపాటే అయింది. పదిమంది కలిసి పోటీపడే ఆన్‌లైన్ ఆటల్లో మోసం పట్టుకోవడానికి యాంటీ చీట్ అని ఒకటి ఉంటుంది. వాటిలో కొన్ని విండోస్ కెర్నల్, అంటే దాని గుండెకాయ లోపలికి దిగి కాపలా కాస్తాయి, లినక్స్‌లో వాటికి చోటు లేదు. కొన్ని యాంటీ చీట్‌లు ప్రోటాన్‌లో పనిచేయగలవు, కానీ ఆట తయారుచేసినవాళ్లు ఒప్పుకోవాలి. వాలరెంట్ ఆడలేరు. ఫోర్ట్‌నైట్ ఆడలేరు. ఏపెక్స్ లెజెండ్స్ కొంతకాలం చక్కగా నడిచింది, 2024 అక్టోబర్ చివర్లో కంపెనీయే లినక్స్ ఆటగాళ్లకి తలుపు మూసేసింది. మీ అన్నయ్య ఏం ఆడతాడో మీరు రాయలేదు. స్నేహితులంతా ఒక ఆటలో ఉండి, తనొక్కడే లోపలికి వెళ్లలేకపోతే, లినక్స్ ఎంత వేగంగా బూట్ అవుతుందో చెప్పి లాభం లేదు.

ఇక ఇన్‌స్టాల్ చేయడం. లినక్స్ వేయడం విండోస్ వేయడం కంటే తేలిక అని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. కానీ విండోస్ వాడేవాళ్లలో దాన్ని స్వయంగా వేసుకున్నవాళ్లు ఎంతమంది? మెషీన్ కొన్నప్పుడే అది అందులో ఉంది. అందుకే మనం పోల్చుతున్నది రెండు ఇన్‌స్టాల్‌లను కాదు, ఒక ఇన్‌స్టాల్‌కీ అసలు ఏ పనీ చేయకుండా ఉండటానికీ మధ్య ఉన్న తేడాని. యూఎస్‌బీ తయారుచేయాలి, మెషీన్ లేచేటప్పుడే తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లాలి, బూట్ వరుస మార్చాలి. అక్కడ సెక్యూర్ బూట్ అనే రక్షణ తీసేస్తే, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న మెషీన్లో విండోస్ తర్వాతిసారి లేచినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది తన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. లోపల పిల్లల ఫొటోలున్నాయి, బ్యాకప్ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ సొంత మోడ్‌లో ఉంటుంది, అప్పుడు లినక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోవచ్చు. ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మారిస్తే లినక్స్‌కి కనిపిస్తుంది గానీ, ముందుజాగ్రత్త తీసుకోకపోతే విండోస్ లేవనంటుంది.

"రెండూ పక్కపక్కన పెట్టుకో, నచ్చింది వాడు" అని డ్యుయల్ బూట్ సలహా ఇస్తాం. నేను కొత్తవాళ్లకి ఆ సలహా ఇవ్వడం మానేశాను. విండోస్ మెషీన్ గడియారంలో స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం రాస్తుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడల్లా టైము తప్పు చూపిస్తుంది. ఒక్క కమాండ్‌తో సర్దుకునేదే, కానీ అది తెలియనివాడికి కంప్యూటర్ పాడైపోయినట్టే. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. లినక్స్‌లోంచి విండోస్ ఉన్న పార్టిషన్, అంటే డిస్కులో ఆ భాగం తెరిస్తే చదవడానికే కుదురుతుంది, రాయడానికి కుదరదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత సెక్యూర్ బూట్ ఉన్న కొన్ని డ్యుయల్ బూట్ మెషీన్లలో లినక్స్ లేవడమే మానేసింది. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల కాపురం చూసుకోవడం ఒక్కదాన్ని చూసుకోవడం కంటే కష్టం. మనం దాన్ని తేలిక దారి అని చూపించి, అసలు లినక్సే ఇంత కష్టమని వాళ్లు అనుకునేలా చేస్తున్నాం.

హార్డ్‌వేర్ గోల ఒకప్పటంత లేదు. 2012లో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ చిప్‌ల సంస్థ ఎన్‌విడియా పేరెత్తి కెమెరాకి మధ్యవేలు చూపించిన రోజులు వేరు, 2022లో అదే సంస్థ తన లినక్స్ కెర్నల్ డ్రైవర్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్ బయటపెట్టింది. వైఫై చాలా మెషీన్లలో దానంతటదే వస్తుంది. వేలిముద్ర రీడర్లు, మూత వేస్తే సరిగ్గా నిద్రపోవడం, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందన్నది మాత్రం ఇప్పటికీ మోడల్‌ని బట్టి అదృష్టమే.

కమాండ్‌లు టైప్ చేసే టెర్మినల్ అంటే భయం అని అందరూ అంటారు. నల్లటి తెర చూసి ఎవరూ భయపడరని నా అనుభవం. సమస్య చెప్పుకున్నప్పుడు జవాబుగా నాలుగు లైన్ల కమాండ్ ఇస్తాం, అది ఏం చేస్తుందో చెప్పం. ఇది వాళ్లకి మంత్రం, పనిచేస్తే సరి, చేయకపోతే ఎందుకు చేయలేదో తెలుసుకునే దారి లేదు. అసలు భయం అక్కడ ఉంది. 2021లో ఒక పేరున్న యూట్యూబర్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయాడు. సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో కుదరక టెర్మినల్‌కి వెళ్లాడు. ప్యాకేజీల లింకుల్లో ఏదో తేడా ఉండి, స్టీమ్ వేయాలంటే డెస్క్‌టాప్‌నే తీసేయాలని, ప్రోగ్రాములు వేసే తీసే ఏపీటీ లెక్కకట్టింది. ప్రమాదమని హెచ్చరించింది, నిజంగానే చేయాలంటే ఒక వాక్యం టైప్ చేయమంది. ఆయన టైప్ చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. హెచ్చరిక చదవలేదని చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. విండోస్‌లో ఏళ్ల తరబడి ప్రతిదానికీ "అవును" నొక్కడం అలవాటైన మనిషి ఆ హెచ్చరికని కూడా ఇంకొక "అవును" అనుకుంటాడు. ఏపీటీ రాసేవాళ్లు ఆ తర్వాత ఆ దారిని గట్టిగా బిగించారు, అంటే తప్పు పూర్తిగా వాడినవాడిది కాదని వాళ్లూ ఒప్పుకున్నట్టే.

డిస్ట్రోలు, అంటే లినక్స్‌లో ఉన్న రకరకాల వెర్షన్లు, వాటి సంగతి రెండు ముక్కల్లో. "ఏది వేసుకోవాలి" అని అడిగినవాడికి పది పేర్లు చెప్తాం, ఆ పదీ చెప్పినవాళ్లు తమలో తాము కొట్టుకుంటారు, అడిగినవాడు మెల్లగా జారుకుంటాడు. ఒక్క పేరు చెప్పి ఊరుకోవాలి.

పాడైతే ఎవరిని అడగాలి అన్నది చాలామంది పైకి చెప్పని కారణం. విండోస్‌లో ఏదైనా ఆగిపోతే పక్క సీటులో ఉన్నవాడికి తెలుస్తుంది, వీడియో దొరుకుతుంది, ప్రింటర్ కంపెనీవాడు ఫోన్ ఎత్తుతాడు. లినక్స్ అనగానే ఆ ఫోన్ అవతలి మనిషి "మేము దానికి సపోర్ట్ ఇవ్వం" అని పెట్టేస్తాడు. ప్రపంచంలోని 500 అతివేగ సూపర్‌కంప్యూటర్లూ 2017 నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లినక్స్ కెర్నలే. డెస్క్‌టాప్‌లలో మాత్రం స్టాట్‌కౌంటర్ లెక్కల ప్రకారం 2024 ఫిబ్రవరిలో గానీ 4 శాతం దాటలేదు. అంటే చుట్టూ ఉన్న ఇరవై ఐదు మందిలో ఒక్కడు. మీ ఇంట్లో ఆ ఒక్కడు మీరే. నాన్నగారి మెషీన్ మార్చిన రోజు నుంచి ఆయన హెల్ప్‌డెస్క్ మీరే, మీరు ఊళ్లో లేని రోజున కూడా. అది మీకు తట్టకపోయినా, ఆయనకి తట్టి ఉంటుంది. "చూద్దాంలే"లో ఆ మొహమాటం కూడా కొంత ఉండొచ్చు.

పెద్ద సంస్థలకీ ఇదే కథ. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కి మారాలని నిర్ణయించి, పదేళ్లు శ్రమపడి సుమారు 15,000 కంప్యూటర్లు మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది. అందులో రాజకీయం ఎంతో, సాంకేతికం ఎంతో ఇప్పటికీ వాదించుకుంటారు. బయటి కార్యాలయాలతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడం, విండోస్‌లోనే నడిచే ప్రత్యేక ప్రోగ్రాములు ఆ వాదనల్లో మళ్లీ మళ్లీ వినిపించిన మాటలు. అదే సమయంలో ఫ్రాన్స్ జాండార్మరీ, అంటే అక్కడి సాయుధ పోలీసు దళం, మరో దారిలో వెళ్లింది. 2005లో విండోస్ అలాగే ఉంచి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్థానంలో ఉచిత ఓపెన్‌ఆఫీస్ పెట్టారు. తర్వాతి ఏడాది బ్రౌజర్, మెయిల్ ప్రోగ్రాం ఫైర్‌ఫాక్స్‌కి, థండర్‌బర్డ్‌కి మార్చారు. జనం ఆ ప్రోగ్రాములకి అలవాటు పడ్డాక, 2008 నుంచి మెల్లగా కింద ఉన్న విండోస్ తీసి ఉబుంటు అనే లినక్స్ పెట్టారు. పొద్దున వచ్చి కూర్చున్నవాడికి రోజూ తెరిచే కిటికీలు అవే కనిపించాయి. వాళ్లు వెనక్కి పోలేదు.

నేను ఇప్పుడు పాటించేదీ ఈ వరుసే, మీ అన్నయ్యకి కూడా ఇదే పనికొస్తుంది. ఆయన ల్యాప్‌టాప్ జోలికి ఇప్పుడు వెళ్లకండి. విండోస్ 10కి ఇళ్లలో వాడేవాళ్ల కోసం 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం పెట్టారు, ముందు అందులో చేర్పించండి. విండోస్‌లోనే లిబ్రెఆఫీస్ వేసి, నెల రోజులు తన అసలు ఫైళ్లు అందులో తెరవమనండి, నెలాఖరు ఫైలుతో సహా. ఎక్కడ ఆగితే అక్కడే ఎక్సెల్ తెరుచుకుంటాడు, పోయేదేమీ లేదు. తను ఆడే ఆటల పేర్లు రాసుకుని ఒక్కొక్కటీ ప్రోటాన్‌లో నడుస్తుందో లేదో చూడండి. నెల గడిచాక ఇవేవీ కుదరవని తేలితే, ఆయన మొదట అన్నదే సరైనదని మీరు ఒప్పుకోవాలి. అప్పుడు ఆయనకి కావాల్సింది విండోస్ 11 నడిచే మెషీన్.

నాన్నగారిది తేలిక, కానీ ఇన్‌స్టాల్‌తో మొదలుపెట్టకండి. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే మింట్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతికే మౌస్ ఇవ్వండి. రోజూ చేసేవన్నీ ఆయన్నే చేయమనండి, మీరు మాట్లాడకండి. ఎక్కడ ఆగిపోతారో చూసి రాసుకోండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, ఫొటోలు మరో డిస్కులోకి తీసేదాకా పార్టిషన్లు ముట్టుకోవద్దు. ప్రింట్ దాదాపు ఎప్పుడూ వచ్చేస్తుంది, ఈమధ్య ప్రింటర్లలో చాలా వాటికి డ్రైవర్ కూడా అక్కర్లేదు. ఆ ప్రింటర్‌లో స్కానర్ కూడా ఉంటే దాన్ని మాత్రం లైవ్ యూఎస్‌బీలోనే నడిపి చూడండి, నేను మార్చిన వాటిలో రెండు మెషీన్లు స్కానర్ దగ్గరే మళ్లీ విండోస్‌కి పోయాయి.